రాసుకుపోయినవాళ్ళు: తెలుగు పల్లెల మీద పరిశోధన – ఒక విమర్శ

గత వేసవి సెలవులకు ముందు ఒక శనివారం, మోరిస్‌విల్‌లో మా వీధి చివర ఉండే మిత్రుడి కూతురు ఒక ప్రశ్నావళి పట్టుకొని మా ఇంటికి వచ్చింది. పదకొండో తరగతి చదువుతోంది. కాలేజీ దరఖాస్తులో చూపించడానికి ఒక స్వతంత్ర పరిశోధన కావాలి. పాలమూరు ప్రాంతంలో వాళ్ళ నాయనమ్మ ఉండే ఊరికి వెళ్ళి వలస కుటుంబాల మీద సర్వే చేయాలన్నది ఆ అమ్మాయి సంకల్పం. మొత్తం అరవై నాలుగు ప్రశ్నలు, వాటికి ముందు ఒక పేజీ అంగీకారపత్రం. “తెలుగు సరిగ్గా ఉందో లేదో చూడండి, అంకుల్” అంది.

ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో నా ఉద్యోగమే అది: మందుల పరీక్షల్లో పాల్గొనేవారికి ఇచ్చే అంగీకారపత్రాలను సరిచూడడం. ఆ కంటితో చూస్తే ఆ పత్రంలో లోపం లేదు. పాల్గొనడం ఐచ్ఛికం, ఎప్పుడైనా మానుకోవచ్చు, పేర్లు బయటపెట్టం, అన్నీ ఉన్నాయి. రెండు మూడు మాటలు మార్చి, ప్రశ్నలు వినడానికి ఎలా ఉన్నాయో చూద్దామని వాళ్ళ నాయనమ్మకు ఫోను చేయించాను. ఆవిడ సాంతం వినకుండానే అడిగింది: “మళ్ల రాస్కపోనీకి వస్తున్నరా బిడ్డా? మొన్న బ్యాంకోళ్లు రాస్కపోయిండ్రు. అంతకుముందు కాలేజీ పిల్లలు రాస్కపోయిండ్రు. నీళ్లోళ్లు రాస్కపోయిండ్రు. నువ్వు గూడ రాస్కపో.”

ఆ గొంతులో కోపం లేదు, అభ్యంతరం కూడా లేదు. కానీ ‘రాసుకుపోవడం’ అన్న ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. తెలుగు క్రియల్లో ‘కొను’ చేరితే చేసే పని చేసేవాడి కోసమేనని అర్థం. దానికి ‘పోవు’ చేరితే పని ముగించి వెళ్ళిపోవడమని అర్థం. రాయడం, తనకోసం రాయడం, రాసి వెళ్ళిపోవడం. పరిశోధన నీతిశాస్త్రం మీద నేను చదివిన నియమావళుల్లో ఈ మూడూ ఇంత క్లుప్తంగా చెప్పినది లేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పదేపదే పరిశోధనకు గురైన పల్లెల పట్ల గౌరవం ప్రవేశద్వారం దగ్గర అడిగే అనుమతితో తేలిపోదు. తన గురించి రాసినదాన్ని ఆ పల్లె తన భాషలో విని, తప్పయితే తప్పని చెప్పి, ఆ దిద్దుబాటు గ్రంథంలోకి ఎక్కేలా చేయగలదా లేదా అన్నదే అసలు కొలమానం. తెలుగునేల మీద జరిగిన కొన్ని ప్రసిద్ధ పరిశోధనలను ఆ కొలమానంతో మళ్ళీ చదివే ప్రయత్నమిది.

శామీర్‌పేట

స్వతంత్ర భారతదేశంలో ఒక గ్రామాన్ని సమగ్రంగా వర్ణించిన తొలి గ్రంథాల్లో శ్యామాచరణ్ దూబే రాసిన ‘ఇండియన్ విలేజ్’ ఒకటి. 1955లో లండన్‌లో వెలువడింది. కార్నెల్ విశ్వవిద్యాలయ మానవశాస్త్రవేత్త మోరిస్ ఓప్లర్ దానికి ముందుమాట రాశాడు. ఆ ‘ఇండియన్ విలేజ్’ మన శామీర్‌పేట, హైదరాబాదు జంటనగరాలకు సుమారు పాతిక మైళ్ళ దూరంలోని ఊరు. 1951లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేపట్టిన సాంఘిక సేవా విస్తరణ పథకం ఈ అధ్యయనానికి మూలం. పోలీసు చర్య జరిగి అప్పటికి మూడేళ్ళు. వైద్యం, పశువైద్యం, వ్యవసాయం వంటి వేర్వేరు శాఖలవారితో కూడిన బృందం ఊళ్ళో దిగింది. ఒకవైపు సేవ, మరొకవైపు సమాచార సేకరణ.

ఈ గ్రంథం గొప్పతనాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అప్పటిదాకా మానవశాస్త్రం మన దేశంలో ఎక్కువగా గిరిజన సమూహాలనే చూసింది. దూబే ఒక సామాన్యమైన ఊరిని తీసుకున్నాడు. హిందువులూ ముస్లిములూ, వృత్తికులాలూ, రైతులూ కలిసి బతికే ఊరు అది. ఆ ఊరు నగరంతో, రాజ్యంతో ఎలా ముడిపడి ఉందో చూపించాడు. ఒంటరి ద్వీపంలా పల్లె అన్న అపోహను తొలగించిన పుస్తకాల్లో అది ఒకటి. పైగా మందూ మాకూ ఇవ్వకుండా ప్రశ్నలు మాత్రమే పట్టుకొని వెళ్ళిన బృందం కాదు.

అయినా పుస్తకం పేరునే గమనించండి. శామీర్‌పేట అన్న పేరు లోపలి పుటల్లోకి వెళ్ళి, అట్టమీదికి ‘భారతీయ గ్రామం’ వచ్చింది. ఒక ఊరు తనకు తెలియకుండానే దేశంలోని గ్రామాలకు నమూనా అయింది. అందులో గ్రామస్థులు సమాచారమిచ్చేవారుగా కనిపిస్తారు. పాఠకులుగా కాదు. ఏ కులం ఏ మెట్టు మీద ఉందో, ఏ ఇంట్లో ఆచారం ఎలా జరుగుతుందో రాసిన వాక్యాలు లండన్‌లో అచ్చయి తరగతి గదుల్లోకి చేరాయి. మెట్ల క్రమంలో కింద చూపిన కులంవారు దాన్ని ఒప్పుకొనేవారా? ఒప్పుకోకపోతే ఆ మాట ఎక్కడ నమోదు కావాలి? పుస్తకంలో అందుకు చోటు లేదు. అది దూబే ఒక్కడి లోపం కాదు. ఆ కాలపు శాస్త్రంలోనే అలాంటి చోటు లేదు. శాస్త్రవేత్త చూస్తాడు, పల్లె కనబడుతుంది, అంతే.

ఈనాడు అదే శామీర్‌పేట పక్కన జాతీయ స్థాయి న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. జీవసాంకేతిక సంస్థలు కొలువైన జీనోమ్ వ్యాలీ ఉంది. అవుటర్ రింగ్ రోడ్డు ఆ దారినే పోతుంది. పరిశోధనకు విషయంగా మొదలైన ఊరు పరిశోధన పరిశ్రమకు పొరుగూరయింది.

ఔరేపల్లి

రాసి వెళ్ళిపోవడమన్న నింద వర్తించని ఊరు ఒకటుంది. పటాన్‌చెరులోని ఇక్రిసాట్ సంస్థ 1975లో గ్రామస్థాయి అధ్యయనాలు ప్రారంభించింది. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు, మహారాష్ట్రలో మరి నాలుగు ఊళ్ళు. ఒక్కో ఊరిలో నలభై కుటుంబాలు: పది భూమిలేని కూలీ కుటుంబాలు, పదేసి చొప్పున చిన్న, మధ్యతరగతి, పెద్ద రైతు కుటుంబాలు. స్థానిక భాష తెలిసిన పరిశోధకుడు ఊళ్ళోనే కాపురముండేవాడు. మూడు నాలుగు వారాలకోసారి అదే ఇంటికి వెళ్ళి, ఏం పండించారు, ఏం కొన్నారు, ఎంత అప్పు తెచ్చారు, ఎవరు ఎన్ని రోజులు కూలికి వెళ్ళారు అని అడిగేవాడు. ఔరేపల్లిలో ఇది పదేళ్ళపాటు ఎడతెగకుండా సాగింది. 2001 తర్వాత మళ్ళీ మొదలైంది.

ఇంత ఓపికగా, ఇంత కాలం, ఇంత దగ్గరగా కొలిచిన పల్లెలు ప్రపంచంలోనే అరుదు. అందుకే ఆర్థికశాస్త్రంలో ఔరేపల్లికి దక్కిన ప్రసిద్ధి మన మహానగరాలు కొన్నిటికి కూడా లేదు. 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ ‘ఎకనోమెట్రికా’ పత్రికలో ప్రచురించిన ప్రసిద్ధ పత్రం ఔరేపల్లి, శిరాపూర్, కంజారా గ్రామాల లెక్కల మీదే నిలిచింది. పంట పోయిన ఏడు ఒక ఇంటి ఆదాయం పడిపోయినా ఆ ఇంటి తిండి అంతగా పడిపోదు, ఊరంతా కలిసి కష్టాన్ని కొంత పంచుకుంటుంది అన్నది దాని సారాంశం. సంపూర్ణమైన భద్రత కాకపోయినా అనుకున్నదానికంటే ఎక్కువే ఉందని ఆయన నిర్ధారణ. మూడేళ్ళ తర్వాత అదే పత్రికలో రావల్యన్, చౌధురి అభ్యంతరం తెలిపారు. తిండి ఖర్చును కొలిచిన తీరులోనే చిక్కుందనీ, కొలిచే పద్ధతి మారితే భద్రత అంత గట్టిగా కనిపించదనీ వాదించారు.

ఈ వాదోపవాదం శాస్త్రానికి ఆరోగ్యకరమే. కానీ అది ఎవరి మధ్య జరిగిందో చూడాలి. కరువు ఏటిలో ఔరేపల్లి కూలీ ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అన్న ప్రశ్నను ప్రపంచంలోని అతి కఠినమైన గణిత పత్రికల్లో ఒకదానిలో ఆర్థికవేత్తలు చర్చించుకున్నారు. ఆ కొలతలో చిక్కుందని కనిపెట్టడానికి మరో ఇద్దరు ఆర్థికవేత్తలు కావలసి వచ్చారు. ఏ దినుసు లెక్కలోకి రాలేదో, ఏది ఊహించి వేసుకున్నారో ఆ ఇంటి ఇల్లాలికి తెలిసి ఉండడానికి అవకాశముంది. ఆవిడకు ఆ పట్టిక చదివి వినిపించే ఏర్పాటు మాత్రం ఆ చర్చలో భాగం కాదు.

అదే గ్రామాల్లో 1970ల చివర హాన్స్ బిన్స్‌వాంగర్ ఒక ప్రయోగం చేశాడు. రైతులూ కూలీలూ సాహసానికి ఎంత వెనుకాడతారో తెలుసుకోవడానికి బొమ్మా బొరుసూ ఆటలు పెట్టాడు. పందెం అర్ధరూపాయితో మొదలై, అయిదు, యాభై రూపాయలదాకా నిజమైన డబ్బుతోనే నడిచింది. అయిదువందల ఆట మాత్రం ఊహలోనే. పందెం పెద్దదయ్యేకొద్దీ బీదా ధనికా తేడా పెద్దగా లేకుండా అందరూ ఒకే మోతాదులో జాగ్రత్తపడ్డారని తేలింది. దీని పర్యవసానం గొప్పది. పేద రైతు కొత్త విత్తనం వేయకపోతే అది పిరికితనం వల్ల కాదు, చేతిలో పెట్టుబడీ అప్పూ లేకపోవడం వల్ల అన్నమాట. అప్పట్లో సన్నకారు రైతును నిందిస్తున్న అధికారులకు ఇది సమాధానం. ఆ నిందను మోస్తున్న రైతుకు కూడా ఈ నిర్ధారణ అందవలసింది. అయితే ఆ పత్రం భాషా దాని చోటూ అతని కోసం ఏర్పడినవి కావు.

దీనికి ఎదురుగా, ఇక్రిసాట్‌లోనే పనిచేసిన ఎన్.ఎస్. జోధా చేసిన పని ఒకటుంది. తెలుగునేల మీద కాదు, రాజస్థాన్‌లో రెండు గ్రామాల్లో. 1960ల మధ్యలో ఒకసారి, 1980ల తొలినాళ్ళలో మరోసారి అవే ఇళ్ళను చూశాడు. లెక్క ప్రకారం తలసరి ఆదాయం అయిదు శాతానికి మించి తగ్గిన కుటుంబాలను విడదీసి, మీ బతుకు మెరుగైందా లేదా అని వారినే అడిగాడు. మెరుగు అంటే ఏమిటో కొలతలు కూడా వారినే చెప్పమన్నాడు. దొర దగ్గర కట్టుబానిసగా పడి ఉండనక్కర్లేకపోవడం, ఎండాకాలం తిండిగింజల కోసం ఒకే షావుకారు గడప తొక్కనక్కర్లేకపోవడం, కాళ్ళకు చెప్పులుండడం వంటివి వారి కొలతలు. ఆ కొలతల్లో దాదాపు అన్నిటి ప్రకారమూ ‘ఆదాయం తగ్గిన’ ఆ కుటుంబాల బతుకు మెరుగైంది. దిద్దే అవకాశమిస్తే శాస్త్రానికి నష్టం లేదు, లాభమే అనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు కనబడలేదు.

ఖమ్మం హాస్టళ్ళు

అనుమతి అడగడమే గౌరవమని నమ్మేవారు ఖమ్మం ఉదంతాన్ని చదవాలి. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. ఆ బాలికల్లో చాలామంది గిరిజన హాస్టళ్ళలో ఉండి చదువుకునేవారు. కొన్ని మరణాల వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. మరణాలకు టీకా కారణమై ఉండకపోవచ్చని విచారణ సంఘం చెప్పింది. టీకా మంచి చెడ్డలు ఇక్కడ నా విషయం కాదు. ప్రపంచమంతటా ఆ టీకా ఎంతోమందిని కాపాడుతోంది.

నా విషయం కాగితాలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 అంగీకారపత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. ఇది పరిశోధన కాదు, టీకా అమలు ఎలా ఉంటుందో చూసే ప్రదర్శన కార్యక్రమమని నిర్వాహక సంస్థ వాదించింది, సంఘం నిర్ధారణలతో విభేదించింది. సంఘం ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. పేరు ఏదైనా, తల్లిదండ్రులు చేయవలసిన సంతకం వార్డెన్ చేశాడన్నది మిగిలింది.

నా వృత్తిలో మేము చదివే బెల్‌మాంట్ నివేదిక 1979 నాటిది. అలబామాలో మేకన్ కౌంటీ నల్లజాతి పేద రైతుకూలీల మీద 1932 నుంచి 1972 వరకు, మందు దొరికిన తర్వాత కూడా వైద్యం అందకుండా ఆపి నడిపిన సిఫిలిస్ అధ్యయనం బయటపడ్డాక పుట్టినది. వ్యక్తి పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం అన్నవి అందులోని మూడు సూత్రాలు. గొప్ప సూత్రాలే. కానీ ఆ గౌరవం వ్యక్తిని ఒంటరిగా ఊహించుకుంటుంది. తన గదిలో కూర్చుని పత్రం చదివి, ఆలోచించి, కాదనగల మనిషిని ఊహించుకుంటుంది. హాస్టల్‌లో పిల్లకు వార్డెన్ ఉంటాడు. ఊళ్ళో కూలీకి ఆసామి ఉంటాడు. సర్పంచి వెంట వచ్చినవారికి కాదని చెప్పడం ఎంత కష్టమో పల్లె ఎరిగినవారికి చెప్పనక్కర్లేదు. ప్రవేశం దగ్గర నిజాయితీగా అడిగినా వచ్చే జవాబు నిజాయితీగా ఉండడానికి అక్కడ వీలు తక్కువ. కనుక గౌరవానికి మరోచోటు కూడా వెతకాలి.

మార్లవాయి

క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ కథ మనలో చాలామందికి తెలిసినదే. వియన్నాలో పుట్టి, రెండో ప్రపంచయుద్ధం మూలంగా హైదరాబాదు రాజ్యంలో ఉండిపోయిన మానవశాస్త్రవేత్త. 1940లో కుమరం భీం మరణం తర్వాత గోండుల అశాంతికి కారణాలు తెలుసుకొనడం నిజాం ప్రభుత్వానికి అవసరమైంది, ఆ పని ఈయనకు అప్పగించారు. మార్లవాయిలో భార్య బెట్టీతో కాపురం పెట్టాడు. గోండీ నేర్చుకున్నాడు. గోండీ వాచకాలతో బడులు, ఉపాధ్యాయులకు శిక్షణ, గిరిజనులకు భూమి పట్టాలు – వీటన్నిటి వెనుక ఆయన కృషి ఉంది. 1987లో చనిపోయిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. తర్వాతి కాలంలో ఆయన చితాభస్మాన్ని కూడా అక్కడికే చేర్చారు. ఏటా జనవరిలో ఊరివారు నివాళులర్పిస్తారు.

ఇది రాసుకుపోయినవాడి కథ కాదు. రాసి అక్కడే మిగిలినవాడి కథ. అయినా రెండు మాటలు చెప్పుకోవాలి. ఒకటి, ఆయన మాట చెల్లడానికి ఆయన వెనుక ఉన్న ప్రభుత్వమే కారణం. అణచివేసిన రాజ్యమే అధ్యయనానికి పంపింది. గోండు తనకోసం తాను మాట్లాడే సందర్భం అక్కడ ఏర్పడలేదు. ఆయన గోండుల పక్షాన మాట్లాడాడు. రెండోది నాకు ముఖ్యంగా తోచేది. నాలుగు దశాబ్దాల తర్వాత, 1982లో ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ అనే పుస్తకంలో అవే ప్రాంతాలను మళ్ళీ చూసి, తాను ఇప్పించిన భూములు గిరిజనేతరుల చేతుల్లోకి ఎలా జారిపోయాయో రాశాడు. తన పని నిలవలేదని తానే ఒప్పుకున్నాడు. ఆ దిద్దుబాటు సాధ్యమైంది తిరిగి వెళ్ళాడు కాబట్టి. తిరిగి వెళ్ళనివాడి పుస్తకంలో మొదటి ముద్రణే చివరి సత్యంగా మిగిలిపోతుంది.

టిల్లరీ

మోరిస్‌విల్ నుంచి ఈశాన్యంగా సుమారు రెండు గంటలు కారు నడిపితే హాలిఫాక్స్ కౌంటీలో టిల్లరీ అనే పల్లె వస్తుంది. 1930లలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం నల్లజాతి రైతు కుటుంబాలకు భూములిచ్చి స్థిరపరచిన చోట్లలో అది ఒకటి. 1990లలో తూర్పు నార్త్ కరోలినాలో పందుల పెంపకం భారీ పరిశ్రమగా మారింది. దశాబ్దం తిరిగేలోగా రాష్ట్రంలో పందుల సంఖ్య కోటికి చేరువైంది. వాటి పెంటను నిలవచేసే గుంటలు ఎక్కువగా నల్లజాతి పేదల ఊళ్ళ పక్కన వచ్చాయి. 1978లో ఏర్పడిన ‘కన్సర్న్డ్ సిటిజన్స్ ఆఫ్ టిల్లరీ’ అనే స్థానిక సంఘం, చాపెల్ హిల్ విశ్వవిద్యాలయంలో సాంక్రామికవ్యాధి శాస్త్రవేత్త స్టీవ్ వింగ్‌తో కలిసి పనిచేసింది. ప్రశ్న ఊరివారిది: ఈ దుర్గంధం మమ్మల్ని ఏం చేస్తోంది?

2000లో వెలువడిన అధ్యయనంలో మూడు సమాజాలను పోల్చారు. పందుల శాలల పక్కన ఉన్నవారిలో తలనొప్పి, దగ్గు, కళ్ళమంట, విరేచనాలు ఎక్కువని తేలింది. ఫలితం వెలువడగానే పరిశ్రమ తరఫు న్యాయవాదులు రాష్ట్ర పత్రాల చట్టం కింద ఆ పరిశోధన కాగితాలు తమకివ్వాలని అడిగారు. పేర్లు బయటపెట్టమని ఊరివారికి ఇచ్చిన మాటను కాపాడుకొనడానికి వింగ్ పెనుగులాడవలసి వచ్చింది. అంగీకారపత్రంలో మనం అలవోకగా రాసే ఆ వాక్యం వెనుక ఎంత భారం ఉందో నాకు తెలిసింది ఆ సంఘటన చదివాకే.

తర్వాతి అధ్యయనంలో పదహారు ఊళ్ళకు చెందిన 101 మంది రోజుకు రెండుసార్లు పది నిమిషాలు ఇంటి బయట కూర్చుని, వాసన తీవ్రతను తామే నమోదు చేశారు, రక్తపోటును తామే కొలుచుకున్నారు. కలం వారి చేతిలోనే ఉంది. 2014లో పౌరహక్కుల చట్టం కింద కేంద్ర పర్యావరణ సంస్థకు స్థానిక సంఘాలు చేసిన ఫిర్యాదులో వింగ్ విశ్లేషణ సాక్ష్యమైంది. 2018లో రాష్ట్ర పర్యావరణ శాఖతో ఒప్పందం కుదిరింది. 2016లో మరణించిన వింగ్ దాన్ని చూడలేదు.

ఊరు అడిగిన ప్రశ్న మీద చేసిన పరిశోధన పక్షపాతం కాదా అని అడగవచ్చు. ప్రశ్న ఎవరిదన్నది వేరు, జవాబు ఎలా తేల్చారన్నది వేరు. మందుల కంపెనీ డబ్బుతో మందును పరీక్షించే పరిశ్రమలో జీతం తీసుకుంటున్న నాకు ఈ తేడా బాగానే తెలుసు. కంపెనీ వేసిన ప్రశ్నకు శాస్త్రీయమైన జవాబు సాధ్యమైతే, పల్లె వేసిన ప్రశ్నకు కూడా సాధ్యమే.

దిద్దుబాటు ఎవరిది?

నా వాదానికి గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. పల్లె అంటే ఎవరు? తనమీద రాసినదాన్ని దిద్దే హక్కు పల్లెకిస్తే, ఆ కలం మొదట చేరేది ఊరిపెద్దల చేతికే. వాడలో రెండో గ్లాసు పెడతారని రాస్తే, మా ఊళ్ళో అలాంటిదేమీ లేదని గ్రామసభ తీర్మానించవచ్చు. జీతగాళ్ళ గురించి రాస్తే ఆసామి కొట్టేయవచ్చు. గౌరవం పేరుతో అబద్ధానికి ఆమోదముద్ర వేసినట్టవుతుంది.

ఈ ప్రమాదం నిజమైనదే. అందువల్ల రెండు నియమాలు అవసరమని నాకనిపిస్తుంది. మొదటిది, దిద్దే హక్కు చెరిపే హక్కు కాదు. పరిశోధకుడి మాట నిలుస్తుంది. దాని పక్కన ఊరివారి అభ్యంతరం కూడా అదే గౌరవంతో అచ్చవుతుంది. చదివేవారు రెండూ చూస్తారు. రెండోది, చదివి వినిపించడం రచ్చకట్ట మీద ఒక్కసారి జరిగే తంతు కాకూడదు. వాడలో వేరుగా, ఆడవాళ్ళ మధ్య వేరుగా, ఆసామి లేనిచోట కూలీలకు వేరుగా జరగాలి. ఊరు ఎక్కడెక్కడ విభేదిస్తుందో అప్పుడు తెలుస్తుంది. ఆ విభేదమే చాలాసార్లు అసలైన ఫలితం. శామీర్‌పేటలో ఏ కులం ఏ మెట్టు మీద ఉందన్న పట్టికను ప్రతి వాడలోనూ విడిగా చదివి ఉంటే, ఒక పట్టికకు బదులు నాలుగైదు వచ్చేవి. కులం గురించి ఆ నాలుగైదూ కలిసి చెప్పేది ఒక్క పట్టిక చెప్పలేదు.

ఇది ఖర్చుతో కూడిన పని అన్నది మరో మాట. నిజమే. ఇక్కడ మనకు, అంటే ప్రవాసులకు, ఒక బాధ్యత ఉంది. మనం ఊళ్ళు దత్తత తీసుకుంటాం, విరాళాలిచ్చే ముందు సర్వేలు చేయిస్తాం, మన పిల్లలు సెలవుల్లో వెళ్ళి ‘ప్రాజెక్టులు’ చేస్తారు. నేను కూడా ఒక స్వచ్ఛంద సంఘం తరఫున ఒకప్పుడు అలాంటి సర్వే పత్రం తయారుచేశాను. నివేదిక దాతలకు చేరింది. ఊరికి చేరిందా అని నేను అడగలేదు, నన్నెవరూ అడగలేదు. సర్వేకు పెట్టే ఖర్చులో కొంత భాగాన్ని తెలుగులో నాలుగు పేజీలు రాసి, వెళ్ళి చదివి వినిపించడానికి ముందే కేటాయించడం మనకు అసాధ్యం కాదు. అంతకంటే ముందు, ఈ ఊరిని ఇంతకుముందు ఎవరు రాసుకుపోయారు, వాళ్ళకేం తెలిసిందని కనుక్కుంటే అరవై నాలుగు ప్రశ్నల్లో సగం అడగనక్కర్లేదు. వైన్ డెలోరియా 1969లోనే అమెరికా ఆదివాసుల తరఫున మానవశాస్త్రవేత్తలను నిలదీసి, పల్లె సమయం ఉచితం కాదని గుర్తుచేశాడు.

ఆ అమ్మాయి ఊరికి వెళ్ళి వచ్చింది. ప్రశ్నలు పద్దెనిమిదికి తగ్గించింది. తిరిగి వచ్చాక మూడు పేజీల సారాంశం తెలుగులో రాసి, మా వంటింట్లో కూర్చుని నాయనమ్మకు ఫోనులో చదివి వినిపించింది. ఆవిడ పక్కన మరో నలుగురు ఆడవాళ్ళున్నారు. ‘ఈ ఊరిలో ఇన్ని వలస కుటుంబాలున్నాయి’ అన్న వాక్యం దగ్గర ఆపేశారు. “వలస పోవుడంటే ఇల్లు తాళమేసి, పిల్లల్ని ముసలోళ్లను తోలుకొని పోవుడు బిడ్డా. మేం పోయింది పనికి. ఎండాకాలం పోయినం, వానకు తిరిగొచ్చినం. మేం వలసోళ్లం ఎట్లయితం?” అని ఒకావిడ. “నువ్వు పోలె, నేను పోయిన. మా ఇల్లు నాలుగేండ్లు తాళమే” అని మరొకావిడ. ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. ఆ అమ్మాయి రాసుకుంటూ కూర్చుంది. ఆ వాదన తర్వాత ఆమె పట్టికలో ఒక గడి రెండు గడులైంది, పాత లెక్క మారిపోయింది. వచ్చే నెల కొత్త పేజీలు మళ్ళీ చదివి వినిపించాలి.